ఏడాదిలో యాభై హోమ్ రన్లు ఇచ్చిన పిచర్‌కు గోడ మీద నంబరా? బర్ట్ బ్లైలెవెన్ లెక్క తేల్చండి

మంచుఊరి_మూర్తి · శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మిన్నియాపోలిస్ వచ్చి నాలుగేళ్లయినా నేను బేస్‌బాల్ జోలికి పోలేదు. ఈ ఏడాది మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో చేరి పిచర్, అంటే బంతి విసిరేవాడు, అవుతానని పట్టుబట్టాడు కాబట్టి ఇక తప్పడం లేదు. వాడికి పదకొండేళ్లు.

ఇవాళ వాడిని ఇక్కడి టార్గెట్ ఫీల్డ్ స్టేడియానికి తీసుకెళ్లాను. మా ఊరి ట్విన్స్ జట్టు ఇక ఏ ఆటగాడికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టిన చొక్కా నంబర్లు అక్కడ కనిపిస్తాయి. 28 ఎవరిదని మావాడు అడిగాడు. పక్క సీటులో ఉన్న పెద్దాయన నవ్వి, "బర్ట్ బ్లైలెవెన్‌ది బాబూ. ఒక్క సీజన్‌లో యాభై హోమ్ రన్లు ఇచ్చాడు. ఆ రికార్డును ఇంతవరకూ ఎవరూ దాటలేదు" అన్నాడు.

హోమ్ రన్ అంటే బ్యాటర్ కొట్టిన బంతి గోడ దాటడం, మన సిక్సర్ లాంటిది. ఇక చూడండి. మ్యాచ్ అయ్యేదాకా, కారులో, అన్నం దగ్గర ఒకటే ప్రశ్న. "నేను మొన్న వరసగా రెండు ఇస్తే కోచ్ నన్ను దించేశాడు. ఆయన యాభై ఇస్తే నంబరు గోడకెక్కించారా?"

నేను వెతికి చూస్తే కెరీర్ మొత్తంలో 430 ఇచ్చాడని తేలింది. పైగా మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. వాడికి ఏమని చెప్పాలి?

---

ఓవర్‌త్రో · శనివారం రాత్రి 10:05

మూర్తి గారూ, నేను కరీంనగర్‌లో కూర్చుని క్రికెట్ చూసేవాడిని. బేస్‌బాల్ సంగతి నాకు అంతంత మాత్రమే. కానీ ఒక్క మాట. 2007 సెప్టెంబర్ 19న డర్బన్‌లో యువరాజ్ ఒకే ఓవర్‌లో ఆరు సిక్సర్లు బాదింది ఎవరిని? స్టువర్ట్ బ్రాడ్‌ను. అదే బ్రాడ్ 604 టెస్టు వికెట్లతో రిటైర్ అయ్యాడు. మీ బ్లైలెవెన్ కథ కూడా అలాంటిదేమో.

---

ఎడిసన్_రావు · శనివారం రాత్రి 10:31

అది ఒక ఓవర్ అన్నా, ఇది ఒక ఏడాది. రెండూ ఒకటి కాదు.

నేను న్యూయార్క్ యాంకీస్ జట్టు మనిషిని, పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నాను. మా పిచర్ మరియానో రివేరా 1995 నుంచి 2013 దాకా ఆడి మొత్తం 71 హోమ్ రన్లు ఇచ్చాడు. బ్లైలెవెన్ రెండేళ్లలోనే అంతకంటే ఎక్కువ ఇచ్చాడు. 1986లో 50, 1987లో 46. గొప్ప పిచర్ అంటే బంతిని ప్రేక్షకుల్లోకి పోనివ్వనివాడు. పిల్లవాడి ప్రశ్నలో తప్పేమీ లేదు.

---

లెక్కల_మాస్టారు · ఆదివారం ఉదయం 6:10

పిల్లవాడి ప్రశ్నలో తప్పు లేదు రావు గారూ, మీ జవాబులో ఉంది.

నేను కాకినాడలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాడిని. మా పెద్దవాడి దగ్గరకు వెళ్లినప్పుడు న్యూజెర్సీలో ఈ ఆట రుచి మరిగాను. ఆర్టీసీ డిపోలో ఇద్దరు డ్రైవర్లు ఉన్నారనుకోండి. ఒకాయన బస్సుకు ఏడాదిలో పది పంక్చర్లు, ఇంకొకాయన బస్సుకు మూడు. డిపో మేనేజర్ మొదటాయనను పిలిచి తిడతాడా? ముందు "ఎన్ని కిలోమీటర్లు తిరిగావు" అని అడుగుతాడు. బేస్‌బాల్‌లో కిలోమీటర్లంటే ఇన్నింగ్స్, మూడు ఔట్లకు ఒకటి.

పద్ధతి సులువు. ఇచ్చిన హోమ్ రన్లను తొమ్మిదితో గుణించి, విసిరిన ఇన్నింగ్స్‌తో భాగించాలి. మ్యాచ్ మొత్తం, అంటే తొమ్మిది ఇన్నింగ్స్, అతనొక్కడే విసిరితే సగటున ఎన్ని హోమ్ రన్లు పోతాయో తెలుస్తుంది.

బ్లైలెవెన్: 430 హోమ్ రన్లు, 4,970 ఇన్నింగ్స్. వచ్చేది 0.78. అయిదు పూర్తి మ్యాచ్‌లకు నాలుగు హోమ్ రన్లన్నమాట.

ఇప్పుడు మొత్తం సంఖ్యలో అందరికంటే పైనున్న మనిషిని చూడండి. జేమీ మోయర్, 522. 2010లో రాబిన్ రాబర్ట్స్ పేరిట ఉన్న 505ను దాటాడు. ఇన్నింగ్స్ 4,074, రేటు 1.15. రాబర్ట్స్‌ది 0.97. ఇద్దరికంటే బ్లైలెవెన్ ఎంతో నయం.

ఇంకో చిత్రం. ఎక్కువ హోమ్ రన్లు ఇచ్చినవాళ్ల జాబితాలో పైవరుసల్లో రాబర్ట్స్, ఫెర్గసన్ జెంకిన్స్, ఫిల్ నీక్రో, డాన్ సట్టన్ ఉంటారు. నలుగురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాళ్లే. చేతకానివాడికి నాలుగు వందలు ఇచ్చే అవకాశం ఎవరిస్తారు? వందకు ముందే ఇంటికి పంపేస్తారు.

---

ఎడిసన్_రావు · ఆదివారం ఉదయం 8:20

మాస్టారూ, డిపో పోలిక బాగుంది, ఒప్పుకున్నాను. కానీ మీ పద్ధతిలోనే రివేరా లెక్క కూడా కట్టండి. 1,283 ఇన్నింగ్స్ మీద మూడింట రెండు వంతులు, 71 హోమ్ రన్లు. రేటు 0.50. అంటే రెండు పూర్తి మ్యాచ్‌లకు ఒకటి.

అసలు విశేషం ప్లేఆఫ్‌లలో ఉంది. ఎదురుగా ఎప్పుడూ మంచి జట్లే, అయినా 141 ఇన్నింగ్స్‌లో రెండే రెండు. 1997లో క్లీవ్‌లాండ్ ఆటగాడు శాండీ అలోమార్ జూనియర్ ఒకటి, 2000లో ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో మెట్స్ ఆటగాడు జే పేటన్ ఒకటి. కుర్చీలో కూర్చుని చూసేవాడికి ఇంతకంటే నిశ్చింత ఏముంటుంది?

---

హ్యూస్టన్_హేమ · ఆదివారం ఉదయం 9:02

రావు గారూ, రివేరాను ఎవరూ కాదనరు. కానీ ఆయన వచ్చేది చివరి ఇన్నింగ్స్‌కు. ముగ్గురినో నలుగురినో చూసుకుని వెళ్లిపోతాడు. బ్లైలెవెన్ మొదటి బంతి నుంచి మొదలుపెట్టి అదే బ్యాటర్‌ను మూడోసారి, నాలుగోసారి ఎదుర్కొనేవాడు. మొదటిసారి మోసపోయిన బ్యాటర్ నాలుగోసారి మోసపోడు. చేయి అలసిపోయి ఉంటుంది, కర్వ్‌బాల్ ఎక్కడ వంగుతుందో వాడికి తెలిసిపోయి ఉంటుంది. బ్లైలెవెన్ కెరీర్‌లో 242 మ్యాచ్‌లు ఒంటిచేత్తో ముగించాడు. 1986లోనే 16. ఇప్పుడు లీగ్‌లోని పిచర్లందరూ కలిసి ఏడాదికి ఎన్ని ముగిస్తున్నారో చూడండి, అప్పుడు తెలుస్తుంది.

సంఖ్య, రేటు అనే మాట వచ్చింది కాబట్టి మా ఊరి కథ చెబుతాను. పిచర్ హోసే లిమా 1999లో మా ఆస్ట్రోస్ జట్టుకు 21 మ్యాచ్‌లు గెలిపించాడు. ఆస్ట్రోడోమ్ అనే విశాలమైన స్టేడియంలో 246 ఇన్నింగ్స్ దాకా విసిరి 30 హోమ్ రన్లు ఇచ్చాడు. 2000లో జట్టు కొత్త స్టేడియానికి మారింది. అక్కడ లెఫ్ట్ ఫీల్డ్ గోడ కేవలం 315 అడుగుల దూరం. అదే లిమా 196 ఇన్నింగ్స్‌లోనే 48 ఇచ్చాడు.

50కీ 48కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది కదా? బ్లైలెవెన్ 1986 రేటు 1.66. లిమా 2000 రేటు 2.20. ఒకరిది చెడ్డ లక్షణం, ఇంకొకరిది జబ్బు. లిమా ఎర్న్డ్ రన్ సగటు, అంటే ఫీల్డర్ల తప్పులు పోగా తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగులు, ఆ ఏడాది 6.65, బ్లైలెవెన్‌ది 4.01. యాభై హోమ్ రన్లు ఇచ్చి కూడా బ్లైలెవెన్ 17 గెలిచి 14 ఓడాడు. లీగ్ సగటు కంటే అతని సగటే మెరుగు.

---

మంచుఊరి_మూర్తి · ఆదివారం ఉదయం 10:15

అద్భుతం. మావాడూ నేనూ కిరాణా రసీదు వెనక పెన్సిల్‌తో లెక్కలు మొదలుపెట్టాం. 1986 నుంచి 1988 దాకా మూడేళ్లు కలిపాం.

271.2 + 267.0 + 207.1 = 745.3 ఇన్నింగ్స్
50 + 46 + 21 = 117 హోమ్ రన్లు

117 × 9 ÷ 745.3 = 1.41. సరిపోయిందా మాస్టారూ?

---

లెక్కల_మాస్టారు · ఆదివారం ఉదయం 10:40

జవాబు సరిపోయింది, లెక్క తప్పింది. పరీక్షలో అయితే సగం మార్కులు కోసేవాడిని.

745.3 అనే ఇన్నింగ్స్ ప్రపంచంలో లేదు. క్రికెట్‌లో 19.2 ఓవర్లు అంటే ఏమిటి? పంతొమ్మిది ఓవర్లు, రెండు బంతులు. అది దశాంశం కాదు. ఇక్కడా అంతే. ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు. 271.2 అంటే 271 ఇన్నింగ్స్, రెండు ఔట్లు. 207.1 అంటే 207 ఇన్నింగ్స్, ఒక ఔట్. రెండు ఔట్లకు ఒకటి కలిస్తే పూర్తి ఇన్నింగ్స్. మొత్తం సరిగ్గా 746.

ఈ లెక్కలో తేడా చిన్నది కాబట్టి రెండో దశాంశ స్థానం దాకా ఏమీ మారలేదు. మీ అబ్బాయిలా ఏడెనిమిది ఇన్నింగ్స్ విసిరినవాడికి బాగా మారుతుంది. వాడిని ఎప్పుడూ ఔట్లలో లెక్కపెట్టుకోమనండి. ఇన్నింగ్స్ సంగతి చివర్లో చూసుకోవచ్చు.

---

ఓవర్‌త్రో · ఆదివారం ఉదయం 10:52

ఓవర్లతో చెబితే నాకూ అర్థమైంది. ఇన్నాళ్లూ నెట్ రన్ రేట్ లెక్కలో నేను చేసే తప్పు కూడా ఇదేనని తెలిసి సిగ్గేసింది.

---

పాతబంతి · ఆదివారం మధ్యాహ్నం 1:30

ఈ చర్చ నా కంట ఆలస్యంగా పడింది. బ్లైలెవెన్ అంటే నాకు ప్రాణం, కాబట్టి పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆయన నెదర్లాండ్స్‌లో జైస్ట్ అనే ఊళ్లో పుట్టాడు, పెరిగింది కాలిఫోర్నియాలో. 1970 జూన్ 5న ట్విన్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. వయసు 19. ఎదుర్కొన్న మొట్టమొదటి బ్యాటర్ వాషింగ్టన్ సెనేటర్స్ ఆటగాడు లీ మే. ఏం చేశాడో తెలుసా? హోమ్ రన్ కొట్టాడు. కెరీర్‌లో ఒక్క ఔట్ కూడా చేయకముందే ఖాతాలో ఒక హోమ్ రన్! అప్పుడు మన మాస్టారు రేటు కట్టబోతే సున్నాతో భాగించాల్సి వచ్చేది. ఆ కుర్రవాడు తల దించుకోకుండా మ్యాచ్ 2-1తో గెలిచాడు.

1986కు వస్తాను. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. ట్విన్స్ ఆడేది మెట్రోడోమ్‌లో. గాలి నింపిన గుడ్డ పైకప్పు కింద ఉండే ఆ స్టేడియాన్ని అభిమానులు వెటకారంగా 'హోమర్‌డోమ్' అనేవారు. అయితే తప్పంతా కప్పుదే అనను. ఆయన స్వభావం కూడా ఉంది. ఆ ఏడాది 271 ఇన్నింగ్స్ పైన విసిరి గురి తప్పిన బంతులతో బ్యాటర్లకు ఉచితంగా బేస్ (పరుగు దారిలో మొదటి మజిలీ) ఇచ్చింది 58 సార్లే. స్ట్రైకవుట్లు, అంటే బ్యాటర్ కొట్టలేక ఔటైనవి, 215. అంటే బంతిని పక్కకు వేసి తప్పించుకునే రకం కాదు. 'కొట్టగలిగితే కొట్టు' అని కొట్టడానికి వీలైన స్ట్రైక్ జోన్‌లోకి విసిరేవాడు. కర్వ్‌బాల్ సరిగా వంగితే బ్యాటర్ మోకాళ్లు వణికేవి. వంగకుండా మధ్యలో వేలాడితే, అంతే సంగతులు.

ఇప్పుడు అసలు కథ. ఏడాదిలో ఎక్కువ హోమ్ రన్లు ఇచ్చిన పాత రికార్డు రాబిన్ రాబర్ట్స్‌ది, 1956లో 46. ముప్పై ఏళ్లు అలాగే ఉంది. 1986 సెప్టెంబర్ 29న బ్లైలెవెన్ ఎదురుగా క్లీవ్‌లాండ్ జట్టు కొత్త కుర్రవాడు జే బెల్ నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి పెద్ద లీగ్‌లో బ్యాట్ పట్టుకున్నాడు. ఆ కుర్రవాడు ఎవరనుకున్నారు? అంతకుముందు ఏడాది బ్లైలెవెన్‌ను క్లీవ్‌లాండ్ నుంచి తిరిగి తెచ్చుకోవడానికి ట్విన్స్ బదులుగా ఇచ్చిన ఆటగాళ్లలో ఒకడు. బ్లైలెవెన్ మొదటి బంతి విసిరాడు. బెల్ కొట్టాడు. బంతి గోడ దాటింది. అది 47వది, రికార్డు బద్దలు.

ఒకరి మొదటి బంతి, ఇంకొకరి రికార్డు బంతి. ఇద్దరినీ ఒకరికి బదులు ఒకరిని మార్చుకున్నారు. కథ రాసేవాడు ఇలా రాస్తే 'మరీ అతిగా ఉంది' అని తిప్పి పంపుతారు.

---

నిర్వాహకుడు · ఆదివారం మధ్యాహ్నం 2:15

మ్యాచ్‌కు వెళ్లేటప్పుడు పులిహోర తీసుకెళ్లవచ్చా అనే చర్చను 'ఊరూ వాడా' విభాగానికి తరలించాను. పదకొండు సందేశాలు. ఇక్కడ లెక్కలు కొనసాగించండి.

---

ఓవర్‌త్రో · ఆదివారం మధ్యాహ్నం 2:40

అన్నిటికంటే తక్కువ రేటు ఎవరిది? అతన్నే అందరికంటే గొప్ప పిచర్ అనేయవచ్చు కదా?

---

పాతబంతి · ఆదివారం మధ్యాహ్నం 3:05

అనేయలేం. అతి తక్కువ రేట్లున్నవాళ్లలో ఒకరి సంగతి వింటే ఎందుకో మీకే తెలుస్తుంది.

ఒక పిచర్ 1,221 ఇన్నింగ్స్ పైన విసిరి, కెరీర్ మొత్తంలో పది హోమ్ రన్లే ఇచ్చాడు. రేటు 0.07. 1916లో 323 ఇన్నింగ్స్ దాటి విసిరి ఒక్కటీ ఇవ్వలేదు. సున్నా. ఆయన పేరు బేబ్ రూత్.

అవును, ఆ బేబ్ రూతే. బ్యాటర్‌గా 714 కొట్టినవాడు. బ్యాటర్‌గా మారకముందు బోస్టన్‌లో పిచర్.

కానీ అప్పటి బంతి వేరు. మెత్తబడినా, నల్లబడినా అదే బంతితో ఆడించేవారు. కొట్టినా దూరం పోయేది కాదు, అసలు గోడ దాటించాలని చూసేవాళ్లే తక్కువ. వాల్టర్ జాన్సన్ 5,914 ఇన్నింగ్స్‌లో 97 మాత్రమే ఇచ్చాడు, 0.15. సై యంగ్ 7,356 ఇన్నింగ్స్‌లో 138, 0.17. ఆ కాలం రేట్లను బ్లైలెవెన్ రేటు పక్కన పెట్టడం, కావిడితో నీళ్లు మోసిన రోజుల కరెంటు బిల్లు చూసి పొదుపరి అని మెచ్చుకున్నట్టు ఉంటుంది.

1920లో పద్ధతులు మారాయి, శుభ్రమైన కొత్త బంతులు వచ్చాయి. రూత్ 1919లో 29 కొట్టాడు, 1920లో 54.

---

హ్యూస్టన్_హేమ · ఆదివారం సాయంత్రం 5:18

కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే 1987ను తప్పక చూడాలి. ఆ ఏడాది పెద్ద లీగ్‌లు రెండింటిలో కలిపి 4,458 హోమ్ రన్లు పడ్డాయి. మరుసటి ఏడాది 3,180. ఒక్క శీతాకాలం గడిచేసరికి 1,278 మాయం! అదే ఆటగాళ్లు, అవే స్టేడియాలు. బ్లైలెవెన్ ఇచ్చిన 46లో కొంత ఆ గాలివాటం ఖాతాలో వేయాలి.

ఇంకో సంగతి. 1988లో ఆయన ఇచ్చినవి 21 మాత్రమే. రేటు 1.55 నుంచి 0.91కి పడిపోయింది. సంతోషించాల్సిందే కదా? కానీ ఆ ఏడాది ఆయన ఎర్న్డ్ రన్ సగటు 5.43, గెలిచినవి 10, ఓడినవి 17. హోమ్ రన్లు ధారపోసిన 1987లో 15 గెలిచి, వరల్డ్ సిరీస్ కూడా చేతికి వచ్చింది. అవి తగ్గించుకున్న ఏడాది నడ్డి విరిగింది.

అప్పట్లో మా జట్టులో ఉన్న జస్టిన్ వెర్లాండర్ 2019లో 223 ఇన్నింగ్స్‌లో 36 ఇచ్చాడు. రేటు 1.45, అంటే బ్లైలెవెన్ చెడ్డ ఏళ్లకు దగ్గర. కానీ సగటు 2.58, ఏటా ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు కూడా వచ్చింది. ఎలా? ఇన్నింగ్స్‌కు సగటున ఒక్కరు కూడా బేస్ ఎక్కలేదు, 0.80 మంది మాత్రమే. బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు హోమ్ రన్ కొడితే వచ్చేది ఒక్క పరుగు. ముగ్గురున్నప్పుడు కొడితే నాలుగు. రేటు మాత్రం రెండింటినీ ఒకటిగానే లెక్కపెడుతుంది. నాకు ఆ రేటు మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

---

లెక్కల_మాస్టారు · ఆదివారం సాయంత్రం 6:30

హేమమ్మా, ఫిర్యాదు న్యాయమైనదే. అయినా ఆ రేటుకు ఒక గుణం ఉంది, అది కూడా చెప్పాలి.

2001లో వోరోస్ మెక్రాకెన్ అనే ఆయన ఒక వాదన తెచ్చి బేస్‌బాల్ లోకాన్ని కుదిపేశాడు. బంతి మైదానంలో పడ్డాక అది హిట్ అవుతుందా, ఔట్ అవుతుందా అన్నది పిచర్ చేతిలో ఉండేది చాలా తక్కువ. ఫీల్డర్లు, అదృష్టం ఎక్కువ. పూర్తిగా పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య తేలిపోయేవి మూడే: స్ట్రైకవుట్, ఉచిత బేస్, హోమ్ రన్. గోడ దాటిన బంతిని ఏ ఫీల్డరూ ఆపలేడు కదా. ఆ దారిలోనే తర్వాత టామ్ టాంగో 'ఫిప్' అనే కొలమానం తయారుచేశాడు. దానిలో హోమ్ రన్‌కు 13 పాళ్లు, ఉచిత బేస్‌కు 3, స్ట్రైకవుట్‌కు వ్యతిరేక దిశలో 2. ఆ 13 చూస్తేనే హోమ్ రన్ ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

అయితే ఒక ఏడాది రేటు నిలకడగా ఉండదు. గాల్లోకి లేచిన బంతుల్లో ఎన్ని గోడ దాటుతాయన్నది అదే పిచర్‌కు ఒక ఏడాది ఎక్కువ, ఒక ఏడాది తక్కువ. గాలి, స్టేడియం, నాలుగు అడుగుల తేడా, అన్నీ కలుస్తాయి. అందుకే కెరీర్ రేటు చూడమంటారు. ఇన్నింగ్స్ వేలల్లోకి వెళ్లాక గాలివాటం కొట్టుకుపోయి మనిషి మిగులుతాడు.

బ్లైలెవెన్ లెక్కలోంచి 1986, 1987 తీసేసి చూశాను. మిగిలినవి 4,431 ఇన్నింగ్స్ మీద ఒక ఔట్, 334 హోమ్ రన్లు. రేటు 0.68. ఆ రెండేళ్లూ విడిగా కడితే 1.60. ఇరవై రెండు సీజన్ల పేరును రెండు సీజన్లు మింగేశాయి. 1973లో 325 ఇన్నింగ్స్ విసిరి 16 మాత్రమే ఇచ్చాడు, 0.44. ఆ ఏడాది గురించి స్టేడియంలో పక్క సీటు పెద్దాయన చెప్పలేదు చూడండి.

---

ఎడిసన్_రావు · ఆదివారం రాత్రి 8:45

మాస్టారూ, ఇది మాత్రం ఒప్పుకోను. చెడ్డ రెండేళ్లు తీసేస్తే ఎవరైనా బాగుంటారు. మా తమ్ముడు కూడా ఇంటర్‌లో ఫెయిలైన రెండు సబ్జెక్టులు తీసేస్తే ఫస్ట్ క్లాసే. ఆ 96 హోమ్ రన్లూ నిజంగా పడ్డాయి, వాటికి నిజంగా పరుగులు వచ్చాయి.

0.78 మంచి రేటు. దాన్ని గొప్ప అనలేను. అంతే పెద్ద కెరీర్ ఉన్నవాళ్లతో పోల్చండి. గ్రెగ్ మాడక్స్ 5,008 ఇన్నింగ్స్‌లో 353, రేటు 0.63. అది కూడా హోమ్ రన్లు వర్షంలా కురిసిన కాలంలో. 1994లో 202 ఇన్నింగ్స్‌లో నాలుగంటే నాలుగు. నోలన్ ర్యాన్ 5,386 ఇన్నింగ్స్‌లో 321, రేటు 0.54. వీళ్ల పక్కన బ్లైలెవెన్ ఒక మెట్టు కిందే.

---

పాతబంతి · ఆదివారం రాత్రి 9:20

ఒక మెట్టు కింద అన్నది నేనూ ఒప్పుకుంటాను రావు గారూ. మాడక్స్ పక్కన నిలబడితే ఒక మెట్టు కింద ఉండనివాళ్లు ఎందరు?

తీసివేతల మీద మీ అభ్యంతరం కూడా సరైనదే. సబ్జెక్టులు తీసేయకూడదు. కాబట్టి తీసేయకుండానే అడుగుతాను: ఆ 96 కూడా ఉంచుకుని ఆయన మొత్తం సగటు ఎంత? 3.31. స్ట్రైకవుట్లు 3,701. ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా ఒంటరిగా ముగించిన మ్యాచ్‌లు 60. హోమ్ రన్లు ఎక్కడ ఎక్కువ ఇచ్చాడో లెక్కపెట్టే మనం, ఈ అరవై మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఇవ్వలేదని మరిచిపోతున్నాం.

పైగా 1989లో, 38 ఏళ్ల వయసులో, ఏంజెల్స్‌కు మారి ఏం చేశాడు? 241 ఇన్నింగ్స్, 14 హోమ్ రన్లు. రేటు 0.52, మీ రివేరా కెరీర్ రేటుకు ఇంచుమించు. 17 గెలుపులు, 5 ఓటములు. మూడేళ్ల ముందు యాభై ఇచ్చిన చేయే అది.

హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లు కూడా తేలిగ్గా ఇవ్వలేదు. 1998లో మొదటిసారి పేరు వచ్చినప్పుడు 17.5 శాతం ఓట్లే. కావాల్సింది 75. పద్నాలుగో ప్రయత్నంలో, 2011లో 79.7 శాతం వచ్చింది. ఇన్నేళ్లు ఆపింది ప్రధానంగా హోమ్ రన్లు కావు. 287 గెలుపులు, మూడు వందలకు పదమూడు తక్కువ. ఆ పదమూడే చాలామందికి గొంతులో ముల్లయింది. ఇంటర్నెట్‌లో గణాంకాల అభిమానులు ఏళ్ల తరబడి వాదించి వాదించి ఓటర్ల మనసు మార్చారు. అదే ఏడాది ట్విన్స్ ఆ 28ని పక్కన పెట్టింది.

---

ఓవర్‌త్రో · ఆదివారం రాత్రి 9:48

ఒక చిన్న సందేహం, కొంచెం పక్కదారి. టెక్సాస్ రేంజర్స్‌లో కుమార్ రాకర్ అని ఒకతను ఉన్నాడట. మన కుమారేనా? అతని రేటు ఎంత?

---

హ్యూస్టన్_హేమ · ఆదివారం రాత్రి 10:01

తల్లి భారతీయ కుటుంబానికి చెందినవారు, తండ్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన ట్రేసీ రాకర్. కుమార్ 2024లోనే పెద్ద లీగ్‌లోకి వచ్చాడు. మాస్టారు ఇప్పుడే చెప్పినట్టు ఇన్నింగ్స్ వేలల్లోకి వెళ్లాలి. నాటిన ఏడాదే మామిడిచెట్టు కాపు లెక్క అడిగితే ఎలా? ఇంకో పదేళ్లాగి ఇక్కడే అడగండి, చెబుతాను.

---

మంచుఊరి_మూర్తి · సోమవారం సాయంత్రం 7:25

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి మీరు రాసినవన్నీ మావాడికి చదివి వినిపించాను. జే బెల్ కథ మూడుసార్లు చదివించుకున్నాడు. లీ మే మొదటి హోమ్ రన్ కథ విన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయినా గెలిచాడా?" అని అడిగాడు. 2-1 అని చెప్పాను.

ఇవాళ స్కూలు నుంచి రాగానే తన స్కోరు పుస్తకం తీసి, మాస్టారు చెప్పినట్టే ఔట్లు లెక్కపెట్టాడు. ఈ సీజన్‌లో 22 ఔట్లు, అంటే ఏడు ఇన్నింగ్స్ మీద ఒక ఔట్. హోమ్ రన్లు మూడు. తొమ్మిదితో గుణిస్తే 3.68 వచ్చింది. ముఖం వాడిపోయింది.

అంతలో వాడికే గుర్తొచ్చింది, లిటిల్ లీగ్ మ్యాచ్‌కు ఆరు ఇన్నింగ్సే కదా అని. ఆరుతో గుణించాడు, 2.45 అయింది. ఆ తర్వాత, మూడింటిలో ఒకటి హోమ్ రన్ కానే కాదట. సెంటర్ ఫీల్డ్‌లో ఉన్న స్నేహితుడి కాళ్ల సందులోంచి బంతి వెనక్కు దొర్లిపోతే బ్యాటర్ చుట్టూ పరుగెత్తాడట. "అది వాడి తప్పు నాన్నా, నా లెక్కలో వేయకూడదు" అని కొట్టేశాడు. మిగిలినవి రెండు. రేటు 1.64.

ఇప్పుడు ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది: 'నేను 1.64. బ్లైలెవెన్ 1986లో 1.66.'

---

లెక్కల_మాస్టారు · మంగళవారం ఉదయం 5:55

కాళ్ల సందులోంచి పోయినదాన్ని కొట్టేయడం సరైనదే. అది ఫీల్డర్ పొరపాటు కింద రాయాలి. స్కోరు రాసినవారితో పుస్తకంలో కూడా దిద్దించండి.

కానీ బాబూ, నీది ఆరుకు, ఆయనది తొమ్మిదికి. రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టకూడదు. తొమ్మిదికి కడితే నీది 2.45. ఆ కాగితం తీసేయకు, పక్కన ఇంకో కాగితం అంటించు.

---

మంచుఊరి_మూర్తి · మంగళవారం సాయంత్రం 6:40

చెప్పాను మాస్టారూ. వాడు ఆలోచించి, ఆ కాగితం మీదే కింద చిన్న అక్షరాలతో 'ఆరు ఇన్నింగ్స్‌కు' అని రాశాడు. చాలా చిన్న అక్షరాలు. శనివారం మళ్లీ మ్యాచ్ ఉంది.